జీతంలో మిగిలేది ఎక్కడ పెట్టాలి? షేర్లు, బాండ్లు మొదటి నుంచి నేర్చుకోవాలని ఉంది

గాజువాక_కుర్రోడు:

అందరికీ నమస్కారం. పరవాడ ఫార్మాసిటీలో క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తున్నాను. బండి లోన్ తీరిపోయింది, నెలకు ఎనిమిది వేల దాకా మిగులుతోంది. అమ్మ చీటీ వెయ్యమంటుంది. నాన్న ఎల్‌ఐసీ కట్టమంటారు. కంపెనీ బస్సెక్కితే పక్క సీటువాళ్లు ఫోన్‌లో గ్రాఫులు చూపించి షేర్లు కొనెయ్యమంటారు. ఎవరి మాట వినాలో తెలియక డబ్బంతా సేవింగ్స్ అకౌంట్‌లోనే పడి ఉంది.

ఏ షేరు కొనాలో చెప్పమని అడగట్లేదు. షేరంటే ఏమిటి, బాండంటే ఏమిటి, నా డబ్బు ఎటు వెళ్తుంది, ఎందుకు పెరుగుతుంది, ఎలా పోతుంది అన్నది తెలిస్తే చాలు. బీకామ్ వాళ్ల భాషలో కాకుండా మామూలుగా చెప్పండి.

పాతబ్యాంకు_మాస్టారు:

బాబూ, మంచి ప్రశ్న అడిగావు. నేను బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను, సీతమ్మధారలో ఉంటాను. తెలిసినంతలో చెప్తాను.

మల్కాపురం వైపు వెళ్తుంటే కనిపించే రిఫైనరీ హెచ్‌పీసీఎల్‌ది. ఆ కంపెనీ షేరు ఒక్కటి కొన్నా నువ్వు దానిలో చిన్న వాటాదారువి. లాభం వస్తే అందులో కొంత డివిడెండ్‌గా వాటాదారులకు పంచి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, ఇచ్చి తీరాలని అడిగే హక్కు నీకు లేదు. వ్యాపారం పెరిగితే నీ వాటా విలువ పెరుగుతుంది, దెబ్బతింటే తగ్గుతుంది. అదే కంపెనీ బాండు కొంటే మాత్రం నువ్వు దానికి అప్పిచ్చినవాడివి. లాభం వచ్చినా రాకపోయినా చెప్పిన తేదీకి వడ్డీ, గడువు తీరాక అసలు ఇచ్చి తీరాలి. కంపెనీ మునిగిపోతే ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు ముందు అప్పులవాళ్లకు వెళ్తుంది. ఏమైనా మిగిలితేనే వాటాదారులకు. షేరులో ఎక్కువ రాబడి రావడానికి అవకాశం ఎందుకుందంటే, అది వరసలో చివర నిలబడే డబ్బు కాబట్టి.

బాండ్లు కంపెనీలే ఇవ్వాలని లేదు. కేంద్రం, రాష్ట్రాలు, కార్పొరేషన్లు కూడా ఇస్తాయి. మన విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీ 2018లో బాండ్ల ద్వారా 80 కోట్లు తెచ్చి వాటిని బీఎస్‌ఈ అనే స్టాక్ ఎక్స్‌ఛేంజిలో లిస్ట్ చేసింది, అంటే అక్కడ కొని అమ్ముకునేలా నమోదు చేయించింది. అవి పెద్ద సంస్థల కోసం ఇచ్చినవే గానీ, మన ఊరి కార్పొరేషన్‌కి కూడా బజార్లో అప్పు పుడుతుందని తెలియాలనే చెప్తున్నాను.

ఇంకోటి గుర్తుపెట్టుకో. మన ఊళ్లో పేరున్న ప్రతి కంపెనీ షేరూ దొరకదు. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం ఇక్కడే, అది లిస్టయిన కంపెనీ. స్టీల్‌ప్లాంట్, హిందుస్థాన్ షిప్‌యార్డ్ లిస్ట్ కాలేదు. వాటి షేర్లు ముందుగానే ఇప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ మాట అక్కడితో ఆపెయ్యి.

ఏది కొనాలన్నది తర్వాత. ఈ డబ్బు ఎప్పుడు కావాలి? ముందు అది రాసుకో. ఆరు నెలల ఇంటిఖర్చు బ్యాంకులో కదలకుండా ఉండాలి. ఇంట్లో అందరికీ ఆరోగ్య బీమా ఉండాలి. రెండు మూడేళ్లలో చెల్లెలి పెళ్లికో, ఇంటి అడ్వాన్సుకో కావాల్సిన డబ్బు షేర్ల దగ్గరికి పోకూడదు. ఏడెనిమిదేళ్లు, పదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బే షేర్లకు పనికొస్తుంది.

సింధియా_ఫిట్టర్:

మాస్టారూ, మీరు చెప్పింది కాదనను. కానీ మన వైపు డబ్బు సంపాదించినవాళ్లు ఎవరైనా షేర్ల మీద సంపాదించారా? ఆనందపురం, మధురవాడ, భోగాపురం వైపు స్థలాలు కొన్నవాళ్లే కదా నిలదొక్కుకున్నది. కంటికి కనపడే ఆస్తి. రాత్రికి రాత్రి సున్నా అవ్వదు. తమ్ముడూ, ఓ రెండేళ్లు చీటీ కట్టి, ఎత్తిన డబ్బుకి కొంత కలిపి గజాల లెక్కన చిన్న బిట్టు చూసుకో. నా మాట ఇది.

ఎంవీపీ_లెక్కలటీచర్:

ఫిట్టర్ అన్నయ్యా, స్థలం మీద బాగుపడ్డవాళ్లు ఉన్నారు, మా ఇంట్లోనే ఉన్నారు. అయితే నెలకు ఎనిమిది వేలు మిగిలే కుర్రాడు స్థలం కొనాలంటే అప్పు చెయ్యాలి. ఈసీ తీయించాలి, లింకు డాక్యుమెంట్లు చూపించుకోవాలి, సర్వే నంబరు మీద కేసులున్నాయేమో కనుక్కోవాలి. అర్జంటుగా రెండు లక్షలు కావాలంటే ఇరవై గజాలు కోసి అమ్మలేం. షేర్లయితే పది అమ్ముకుంటే మర్నాటికి డబ్బు లెక్కలోకి వచ్చేస్తుంది. 2023 జనవరి నుంచి అన్ని షేర్లకూ ఒక్క రోజులోనే సెటిల్‌మెంట్.

చీటీ విషయంలో ఒక్క మాట. చిట్ ఫండ్స్ చట్టం 1982 కింద రిజిస్టరయిన కంపెనీ వేరు, వీధిలో నమ్మకం మీద నడిపేది వేరు. రెండోదాన్ని నడిపేవాళ్లు డబ్బుతో పారిపోతే తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.

ఇక తమ్ముడికి. ఒక్కో కంపెనీని ఎంచుకోవడం చాలా పని. మొదలుపెట్టేవారికి నేను చెప్పేది ఇండెక్స్ ఫండ్, అంటే చాలామంది డబ్బు కలిపి ఒక సూచీలోని షేర్లన్నీ కొనే మ్యూచువల్ ఫండ్. నిఫ్టీ అంటే ఎన్‌ఎస్‌ఈ అనే స్టాక్ ఎక్స్‌ఛేంజిలోని 50 పెద్ద కంపెనీల సూచీ, సెన్సెక్స్ అంటే బీఎస్‌ఈలోని 30 కంపెనీలది. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ ఆ యాభై కంపెనీలనూ అదే నిష్పత్తిలో కొని ఉంచుతుంది. ఫండ్ మేనేజర్ తెలివితేటల మీద ఆధారపడదు కాబట్టి ఖర్చు తక్కువ.

ఖర్చు అంటే చిన్న విషయంలా కనిపిస్తుంది. లెక్క చూడు. లక్ష రూపాయలు ఏటా 11 శాతం చొప్పున 25 ఏళ్లు పెరిగితే సుమారు 13 లక్షల 60 వేలు. అందులో ఒక్క శాతం ఎవరికో కమీషన్‌గా పోయి 10 శాతమే మిగిలితే 10 లక్షల 80 వేలు. తేడా దాదాపు మూడు లక్షలు, పెట్టింది ఒక్క లక్ష! అందుకే ఫండ్ పేరు చివర 'డైరెక్ట్' అని ఉందో 'రెగ్యులర్' అని ఉందో చూడమంటాను. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కీ డైరెక్ట్ ప్లాన్ ఉంది, అందులో ఏజెంటు కమీషన్ ఉండదు.

పదకొండు శాతం అన్నది లెక్క కోసమే, ఎవరూ హామీ ఇవ్వలేరు. 2020 జనవరిలో 12,300 పైన ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. లక్ష పెట్టినవారికి కనిపించింది అరవై రెండు వేలు. ఆ ఏడాది నవంబరుకే పాత గరిష్ఠాన్ని దాటింది. ప్రతిసారీ అంత త్వరగా కోలుకోదు. 2008 జనవరిలో 21,000 చూసిన సెన్సెక్స్ అక్టోబరులో 8,000 కిందికి పోయింది. మళ్లీ 21,000 చూడ్డానికి 2010 నవంబరు దాకా పట్టింది, ఆ గీత దాటి నిలబడటానికి 2014 దాకా. మాస్టారు 'ఎప్పుడు కావాలి' అని అడిగింది అందుకే.

రుషికొండ_ఐటీ:

టీచర్ గారూ, పాతికేళ్లంటే ఇప్పటి కుర్రాళ్లకు ఓపిక ఉండదండీ. మా ఆఫీసులో చాలామంది ఆప్షన్స్ చేస్తున్నారు, అంటే ఫలానా తేదీలోపు ధర ఎటు పోతుందో అంచనా వేసి కాంట్రాక్టులు కొని అమ్మడం. పది వేలతో మొదలుపెట్టి వారంలో డబుల్ చేసినవాళ్లను కళ్లారా చూశాను. బాగా నేర్చుకుని, నష్టం ఇంత దాటితే దానంతటదే అమ్మేసేలా స్టాప్‌లాస్ పెట్టుకుని చేస్తే తప్పేంటి? బ్రదర్‌కి అది కూడా నేర్పండి.

ఎంవీపీ_లెక్కలటీచర్:

తమ్ముడూ, డబుల్ చేసినవాళ్లు ఆఫీసులో చెప్తారు. పోగొట్టుకున్నవాళ్లు ఇంట్లో కూడా చెప్పరు. అందుకే కళ్లారా చూసినదాన్ని పక్కనపెట్టి మొత్తం లెక్క చూడాలి. ఆ లెక్క షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీయే తీసింది. 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే. సగటున ఒక్కొక్కరికి రెండు లక్షల దాకా, అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లకు పైగా పోయింది.

షేరు కొంటే వెనక ఒక కంపెనీ ఉంటుంది, అది ఏదో తయారుచేసి అమ్మి లాభం తెస్తుంది. కాబట్టి వాటాదారులందరూ కలిసి బాగుపడే వీలుంది. ఆప్షన్‌లో అలాంటిది లేదు. నీకొచ్చిన రూపాయి ఇంకొకరు పోగొట్టుకున్నదే, మధ్యలో బ్రోకరేజీ, పన్నులు ఇద్దరి దగ్గరా కోస్తారు. పైగా గడువు తేదీ ఉంటుంది. నీ అంచనా నిజమైనా ఒక రోజు ఆలస్యంగా నిజమైతే డబ్బు సున్నా. గాజువాక తమ్ముడు అడిగింది పెట్టుబడి గురించి, దీన్ని అందులో కలపొద్దు.

పాతబ్యాంకు_మాస్టారు:

టీచర్ గారి మాటే నా మాట. యాప్‌లో ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ ఆన్ చెయ్యమని అడుగుతుంది. చెయ్యకు బాబూ.

అక్కయ్యపాలెం_నర్సు:

ఈ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. మా వార్డులో పనిచేసే సిస్టర్ ఒకావిడను ఎవరో వాట్సాప్ గ్రూపులో చేర్చారు. రోజూ పొద్దున్నే 'సర్' షేర్ పేరు పెడతారు, గ్రూపులో అందరూ లాభాల స్క్రీన్‌షాట్లు పెడతారు. ఒక లింకు ఇచ్చి యాప్ వేయించుకోమన్నారు. చూడ్డానికి అచ్చం బ్రోకర్ యాప్‌లానే ఉంది. ముందు ఐదు వేలు పెడితే ఆరున్నర వేలు అయినట్టు చూపించింది, వెనక్కి కూడా ఇచ్చారు. ఆ నమ్మకంతో గోల్డ్ లోన్ తీసి వేసింది. యాప్‌లో లక్షలు కనిపిస్తున్నాయి గానీ తీసుకోబోతే 'ముందు ఇరవై శాతం ట్యాక్స్ కట్టండి' అన్నారు. అది కూడా కట్టింది. ఆ తర్వాత గ్రూపే లేదు.

ఆవిడ చదువుకున్న మనిషి. దయచేసి ఎవరూ 'ఎలా మోసపోయిందో' అనకండి. ఇలాంటివి ముందే కనిపెట్టడానికి ఏం చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

డాబాగార్డెన్స్_ట్యాక్స్:

సిస్టర్ గారూ, ముందు అర్జంటు విషయం. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాల్లో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆలస్యమైనా సరే సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించండి.

ఇక చూడాల్సినవి. అసలైన బ్రోకర్‌కి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది సెబీ వెబ్‌సైట్‌లోని జాబితాలో పేరుతో సహా సరిపోవాలి. డబ్బు బ్రోకింగ్ సంస్థ పేరున్న ఖాతాకే వెళ్లాలి, ఎవరో వ్యక్తి యూపీఐకి వెళ్లిందంటే అది మోసమే. అన్నిటికన్నా గట్టి రుజువు ఇది: మీరు కొన్న షేర్లు బ్రోకర్ దగ్గర ఉండవు. ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ అనే డిపాజిటరీలో మీ పేరు మీద ఉంటాయి. ఆ డిపాజిటరీ మీకు నేరుగా స్టేట్‌మెంట్ పంపుతుంది. అందులో కనిపించని షేరు మీది కాదు, యాప్ ఎన్ని లక్షలు చూపించినా. ఇక లాభం చేతికివ్వడానికి ముందే ట్యాక్స్ కట్టించుకునే పద్ధతి మన దేశంలో ఏ బ్రోకర్‌కీ లేదు.

కంచరపాలెం_కోడలు:

మాస్టారు గారూ, మాది వేరే సమస్యండి. మామయ్యగారు ప్లాంటులో వీఆర్‌ఎస్ తీసుకున్నారు. వయసు 57. డబ్బు వచ్చి నెల దాటింది, బ్యాంకులోనే ఉంది. పెన్షన్ చాలా తక్కువ. నెలనెలా ఇంటికి ఎంతో కొంత రావాలి. ఈలోగా ఒకాయన ఇంటికొచ్చి 'బాండ్లు సార్, పన్నెండున్నర శాతం, ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే' అని కాగితాలు ఇచ్చి వెళ్లారు. మామయ్యగారు ఒప్పుకునేలా ఉన్నారు. నాకు భయంగా ఉంది, గట్టిగా వద్దనడానికి కారణం చెప్పలేకపోతున్నాను.

పాతబ్యాంకు_మాస్టారు:

అమ్మా, మీ భయం సరైనదే. కారణం చెప్తాను, మామయ్యగారికి ఇదే చదివి వినిపించండి.

కేంద్ర ప్రభుత్వ బాండు ఏడు శాతం అటూ ఇటూ ఇస్తున్న రోజుల్లో ఒక కంపెనీ పన్నెండున్నర ఇస్తోందంటే, తక్కువ వడ్డీకి దానికి అప్పు పుట్టట్లేదన్నమాట. ఆ అయిదున్నర శాతం తేడా మీకు బహుమతి కాదు. అసలు పోవచ్చు సుమా అని చెప్పి ఇచ్చే కూలి. బ్యాంకు డిపాజిట్‌కి ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల దాకా బీమా ఉంటుంది, బాండుకు అదేమీ ఉండదు. కాబట్టి 'ఎఫ్‌డీ లాంటిదే' అన్న మాట అబద్ధం.

కంపెనీ అప్పు తీర్చగలదా అని ఏజెన్సీలు ఇచ్చే రేటింగ్ కూడా పూర్తి రక్ష కాదు. ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే ఫైనాన్స్ కంపెనీకి 2018 మధ్య దాకా అన్నిటికన్నా పైదైన ట్రిపుల్ ఏ రేటింగ్ ఉంది, అదే ఏడాది అప్పులు ఎగ్గొట్టింది. ఏటీ1 అంటే బ్యాంకు కష్టాల్లో పడితే అసలుతో సహా రద్దు చెయ్యగల బాండ్లు; యెస్ బ్యాంకువి 8,400 కోట్లకు పైగా 2020 మార్చిలో ఒక్క కలంపోటుతో రద్దు చేశారు, వాటిని కొన్న వృద్ధులు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఏటీ1 అనే మాట ఎక్కడ కనిపించినా రిటైరైనవాళ్లు దూరంగా ఉండాలి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ మామూలుగా 60 దాటినవారికే, కానీ 55 దాటి వీఆర్‌ఎస్ తీసుకున్నవారికీ అవకాశం ఉంది. రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు చేరాలి. మీకు నెల దాటిందన్నారు, ఇంకా టైముంది, ఈ వారమే పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్లండి. రిటైర్మెంట్ రుజువు, డబ్బు వచ్చిన తేదీ కాగితం పట్టుకెళ్లండి. 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 8.2 శాతం, గరిష్ఠంగా 30 లక్షలు పెట్టొచ్చు. ముప్పై లక్షలూ పెడితే మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. ఇంటి లెక్కలో నెలకు 20,500. చేరినప్పటి రేటే ఐదేళ్లూ ఉంటుంది. వడ్డీ మీద పన్ను ఉంది, అది మర్చిపోవద్దు.

మిగిలింది ఉంటే ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ బాండ్లు చూడండి. వాటి వడ్డీ పోస్టాఫీసు ఎన్‌ఎస్‌సీ (నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్) రేటు కన్నా 0.35 శాతం ఎక్కువ, ఆర్నెల్లకోసారి మారుతుంది. జనవరి 1న, జులై 1న ఖాతాలో పడుతుంది. ఏడేళ్లు ముట్టుకోవడానికి వీల్లేదు, 60 దాటినవారికే కాస్త ముందు తీసుకునే సదుపాయం. అందుకని అంతా అందులో పెట్టకండి.

2021 నవంబరు నుంచి ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ అనే సదుపాయం కూడా ఉంది. మధ్యవర్తి లేకుండా, ఫీజు లేకుండా ప్రభుత్వ బాండ్లు 10,000 నుంచి కొనుక్కోవచ్చు. ట్రెజరీ బిల్లులు, అంటే కేంద్రం కొద్ది రోజులకు తీసుకునే అప్పు కాగితాలు, 91, 182, 364 రోజులవి బుధవారాల్లో వేలమవుతాయి. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చుకునే అప్పు బాండ్లు సాధారణంగా మంగళవారాల్లో. ట్రెజరీ బిల్లుకి వడ్డీ విడిగా రాదు. ఉదాహరణకి 98 రూపాయల 40 పైసలకు కొంటే 91 రోజులకు 100 చేతికొస్తుంది, ఏడాది లెక్కలో సుమారు ఆరున్నర శాతం.

కంచరపాలెం_కోడలు:

చాలా థాంక్స్ మాస్టారు గారూ. మూడు నెలల గడువు సంగతి బ్యాంకులో ఎవరూ చెప్పలేదు. మామయ్యగారికి చదివి వినిపించాను. 'అప్పు పుట్టనివాడికి నేనెందుకు ఇవ్వాలి' అన్నారు. రేపు పోస్టాఫీసుకు వెళ్తున్నాం.

గాజువాక_కుర్రోడు:

మాస్టారూ, బాండుకు వడ్డీ ఫిక్స్ అయితే, మరి బాండు ధర పడిందని వార్తల్లో ఎందుకంటారు? అది అర్థం కాలేదు.

ఎంవీపీ_లెక్కలటీచర్:

ఇది నేను చెప్తా, నా సబ్జెక్టే.

నీ దగ్గర 100 రూపాయల బాండుంది, ఏటా 7 రూపాయలు ఇస్తుంది, ఇంకా పదేళ్లు ఉంది. ఇప్పుడు బజార్లో వడ్డీలు పెరిగి కొత్త బాండ్లు 8 ఇస్తున్నాయి. నీ బాండును వందకు ఎవరైనా కొంటారా? కొనరు. ఏటా రూపాయి తక్కువ, పదేళ్లు తక్కువ. ఆ లోటు పూడేదాకా ధర తగ్గించి అడుగుతారు. లెక్క వేస్తే దాదాపు 93 దగ్గర తేలుతుంది. అదే బాండుకు ఒక్క ఏడాదే మిగిలి ఉంటే 99 దాకా ఇస్తారు, లోటు ఒక్క రూపాయే కదా. వడ్డీలు తగ్గితే ఇదంతా తలకిందులై నీ బాండు వంద దాటుతుంది.

గడువు దాకా ఉంచుకుంటే ఆ మధ్య ధరలతో నీకు పనిలేదు, నీ ఏడూ వస్తాయి, వందా వస్తుంది. మధ్యలో అమ్మాల్సి వస్తేనే తేడా. కాబట్టి డబ్బు మూడేళ్లలో కావాలంటే ముప్పై ఏళ్ల బాండు కొనకూడదు. ఇంకో చిక్కుంది. మనలాంటివాళ్లు చిన్న మొత్తంలో బాండు అమ్ముదామంటే కొనేవాడు వెంటనే దొరకడు. షేరు అమ్మినంత తేలిక కాదు.

డాబాగార్డెన్స్_ట్యాక్స్:

పన్నుల గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పడం అవసరం. తమ్ముడూ, మొదటి షేరు కొన్న రోజు రాత్రి మెయిల్‌లో కాంట్రాక్ట్ నోట్ వస్తుంది, ఆ రోజు కొన్నవాటి బిల్లు లాంటిది. దాన్ని తెరిచి ప్రతి లైనూ చదువు.

ఇరవై వేల రూపాయల షేర్లు డెలివరీకి, అంటే అదే రోజు అమ్మెయ్యకుండా ఉంచుకోడానికి, కొన్నావనుకో. షేర్ల లావాదేవీ మీద పన్ను ఎస్‌టీటీ 0.1 శాతం, అంటే 20 రూపాయలు. స్టాంపు డ్యూటీ 0.015 శాతం, 3 రూపాయలు. బ్రోకరేజీ నీ బ్రోకర్‌ని బట్టి, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, ఎక్స్‌ఛేంజి ఛార్జీ కొన్ని పైసలు. అమ్మినప్పుడు మళ్లీ ఎస్‌టీటీ, దానికి తోడు ఖాతా నుంచి షేర్లు బయటికి తీసినందుకు డీపీ ఛార్జీ. డీపీ ఛార్జీ అమ్మిన మొత్తాన్ని బట్టి ఉండదు, ఒక్కో కంపెనీకి రోజుకింత అని ఉంటుంది. ఐదు వందల రూపాయల షేరు అమ్మినా అంతే, యాభై వేలది అమ్మినా అంతే. చిన్న చిన్నగా అస్తమానూ కొని అమ్మేవారికి లాభమంతా ఇక్కడే కరిగిపోతుంది.

లాభం మీద పన్ను 2024 జులై 23 నుంచి ఇలా ఉంది. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. ఏడాది దాటాక అమ్మితే ఆ ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేల లాభం దాకా ఏమీ లేదు, ఆ పైన 12.5 శాతం. డివిడెండు, బాండు వడ్డీ మామూలు ఆదాయంలో కలుస్తాయి. చాలామంది 'కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేదు కదా' అని షేర్ల లాభం చూపించడం మానేస్తున్నారు. ఆ రిబేటు షేర్ల లాభానికి వర్తించదు. రిటర్న్‌లో తప్పకుండా చూపించాలి.

భీమిలి_రొయ్యలు:

టీచర్ గారు షేరు వెనక ఒక కంపెనీ ఉంటుందన్నారు. అది మా వైపు కళ్ల ముందే కనిపించింది. మనం పెంచే రొయ్యల్లో ఎక్కువ వెళ్లేది అమెరికాకే. 2025 ఆగస్టులో వాళ్లు మన సరుకు మీద సుంకం 50 శాతం చేశారు. చెరువు దగ్గర కౌంట్ రేటు, అంటే సైజును బట్టి రొయ్యలకిచ్చే ధర, పడింది, అటు రొయ్యల కంపెనీల షేర్లూ పడ్డాయి. అవంతి ఫీడ్స్ రిజిస్టర్డ్ ఆఫీసు వైజాగే, మేత అమ్మేది మా రైతులకే. నేను షేర్లు కొనను, చెరువులోనే నా డబ్బుంది. కానీ చెరువు మీద బతికేవాడు మిగిలిన డబ్బు కూడా రొయ్యల షేర్లలోనే పెడితే రెండూ ఒకే రోజు దెబ్బతింటాయి. తెలిసిన వ్యాపారం కదా అని మావాళ్లు కొందరు అదే చేశారు.

పాతబ్యాంకు_మాస్టారు:

భీమిలి సోదరుడు చెప్పింది బంగారం లాంటి మాట. బాబూ, నువ్వు ఫార్మాలో ఉన్నావు. నీ జీతం అదే రంగం నుంచి వస్తోంది. షేర్లు కూడా ఫార్మావే కొనాలనిపిస్తుంది, ఆ రంగం నీకు తెలుసు కాబట్టి. కొంటే కొను, అన్నీ అవే కాకుండా చూసుకో.

ఎప్పుడైనా ఒక్క కంపెనీ షేరు కొనాలనుకుంటే దాని వార్షిక నివేదిక కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రంగురంగుల ఫొటోల పేజీలు వదిలెయ్. లాభం ఎంతన్నది అందరూ చూస్తారు, నువ్వు నగదు ప్రవాహాల పట్టిక తియ్యి. లాభం కోట్లలో చూపిస్తూ వ్యాపారం నుంచి నగదు మాత్రం ఏటా రావట్లేదంటే, సరుకు అరువు మీద పోతోందన్నమాట. అప్పు ఎంత, దాని వడ్డీ కట్టడానికి లాభం సరిపోతోందా చూడు. ప్రమోటర్లు, అంటే కంపెనీ పెట్టి నడిపేవాళ్లు, తమ షేర్లు తాకట్టు పెట్టారేమో ఎక్స్‌ఛేంజి వెబ్‌సైట్‌లో ఉంటుంది. చివర్లో ఆడిటర్ రాసిన నోట్లు ఓపిగ్గా చదువు.

ఇంత చదివినా కొన్ని పట్టుకోలేం. సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు లేనివి ఉన్నట్టు రాశారు. 2009 జనవరి 7న ఆ సంగతి బయటపడిన రోజున షేరు ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. పెద్ద పెద్ద ఫండ్లే మోసపోయాయి. మన తెలుగువాళ్లు ఎంతమంది మన కంపెనీ అని అభిమానంతో రిటైర్మెంట్ డబ్బంతా అందులో ఉంచుకున్నారో బ్యాంకులో కూర్చుని చూశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఎంత మంచి కంపెనీ అయినా నీ మొత్తం డబ్బులో పది శాతం దాటనివ్వకు.

గాజువాక_కుర్రోడు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే సరిచెయ్యండి.

మా ఇంటి ఖర్చు నెలకు పద్దెనిమిది వేలు. ఆరు నెలలకు లక్షా ఎనిమిది వేలు. ఇప్పుడు సేవింగ్స్‌లో అరవై ఉంది. కాబట్టి మిగిలేదంతా ముందు అక్కడికే, అది నిండేదాకా షేర్లు లేవు. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా రేటు కనుక్కుంటాను. ఆ తర్వాత నెలకు ఐదు వేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో, రెండు వేలు చెల్లెలి చదువుకని రికరింగ్ డిపాజిట్‌లో, వెయ్యి చేతిలో. ఈలోగా వార్షిక నివేదికలు చదవడం అలవాటు చేసుకుంటాను. షేర్లు ఉంచుకునే డీమ్యాట్ అకౌంట్లు రెండు తెరుద్దామనుకుంటున్నా, ఒకటి ఫండ్‌కి ఒకటి షేర్లకి.

ఎంవీపీ_లెక్కలటీచర్:

ప్లాన్ బాగుంది. డీమ్యాట్ మాత్రం ఒక్కటే తెరువు. ఒక్కటే ఉండి, అందులో విలువ 4 లక్షలు దాటకపోతే బేసిక్ సర్వీసెస్ అకౌంట్ కింద ఏడాది ఛార్జీ ఉండదు. రెండు తెరిస్తే ఆ సదుపాయం పోతుంది. ఇండెక్స్ ఫండ్‌కైతే డీమ్యాట్ అక్కర్లేదు, ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా కట్టొచ్చు.

చదువుకోడానికి సెబీ ఇన్వెస్టర్ వెబ్‌సైట్‌లో ఆర్థిక అవగాహన పుస్తకం తెలుగులో ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అది పూర్తయ్యాక సెబీ పెట్టిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం నిర్వహించే సెబీ ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్ష రాయి, అది కూడా ఉచితం. వేలకు వేలు తీసుకునే కోర్సుల జోలికి పోకు.

సింధియా_ఫిట్టర్:

తమ్ముడి ప్లాన్‌కి నేనూ ఓకే. స్థలం మాట ఓ పదేళ్లాగి అడుగుతా. ఇదంతా చదివాక నాకూ ఒక సందేహం వచ్చింది. నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. ట్రంకు పెట్టెలో పాత షేరు కాగితాలు కొన్ని ఉన్నాయి, తొంభైల నాటివి. అమ్మ వాటిని పసుపు గుడ్డలో చుట్టి దాచింది. కంపెనీ ఇప్పటికీ ఉంది. వాటికి ఏమైనా వస్తుందా? నామినీ అని ఎక్కడా లేదు.

డాబాగార్డెన్స్_ట్యాక్స్:

వస్తుందన్నా. పారెయ్యొద్దు, లామినేషన్ కూడా చేయించొద్దు.

కాగితం షేర్లు 2019 ఏప్రిల్ నుంచి అలాగే ఇంకొకరికి అమ్మడానికి కుదరదు. కానీ వారసులుగా మీ పేర్ల మీదికి మార్పించుకుని డీమ్యాట్‌లోకి తెచ్చుకోవచ్చు. ముందు ఆ కంపెనీకి షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్ ఎవరో తెలుసుకుని ఉత్తరం రాయాలి. డెత్ సర్టిఫికెట్, వారసుల ధ్రువపత్రం, మీ అందరి పాన్, ఆధార్ అడుగుతారు. మధ్యలో కంపెనీ ఉచితంగా బోనస్ షేర్లు ఇచ్చి ఉంటే, లేదా ముఖవిలువ విభజించి ఒక్కో షేరును కొన్ని షేర్లుగా చేసి ఉంటే కాగితం మీదున్న సంఖ్య కన్నా ఇప్పుడు ఎక్కువే ఉండొచ్చు.

ఏడేళ్లు వరుసగా డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు కేంద్రం నడిపే ఐఈపీఎఫ్ అనే నిధికి వెళ్లిపోతాయి. మీ విషయంలో అదే జరిగి ఉండొచ్చు. వెళ్లినా పోయినట్టు కాదు, ఐఈపీఎఫ్-5 ఫారం పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. కాస్త టైం పడుతుంది. పేపర్ వర్క్ చేసిపెడతామని సగం వాటా అడిగేవాళ్లు తగులుతారు, వాళ్లతో సంతకాలు పెట్టకండి.

తమ్ముడూ, నువ్వు కూడా విను. ఖాతా తెరిచిన రోజే నామినీ రాయి, ఇప్పుడు పది మంది దాకా రాయొచ్చు. అయితే నామినీ డబ్బు అందుకునేవారే గానీ సొంతదారు అయిపోరు, 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. వారసుల్లో ఎవరికెంతో వీలునామాలో ఉండాలి.

ఫిట్టర్ అన్నా, కాగితం మీద ఫోలియో నంబరు, నాన్నగారి పేరు ఇక్కడ పోస్ట్ చెయ్యకండి. కంపెనీ పేరొక్కటి చెప్పండి, రిజిస్ట్రార్ ఎవరో చూసి చెప్తాను.